ఈ పూట భయం ఎవరిది?

మేఘం కిందికి దిగుతోంది.

దూది అంటించిన చెక్క పలక, నాలుగు మూలలకీ నల్లతాళ్లు, చుట్టూ తెల్లటి పొగ. పలక మీద మేఘకన్య నిలబడి ఉంది. కింద రేపల్లె జనం మెడలు పైకెత్తి నోళ్లు తెరిచి చూస్తున్నారు. అంత ఎత్తున, పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేని చోట, ఆమె హాయిగా నవ్వుతోంది.

సైడ్ వింగ్‌లో రాక్షసుడు గద జారవిడిచాడు.

ఆరడుగుల మనిషి. ముఖమంతా ఆకుపచ్చ రంగు, నెత్తిన అట్టతో చేసిన కొమ్ములు. రెండు చేతులతో ఛాతీ పట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. చెమటకు ఆకుపచ్చ రంగు గడ్డం దాకా కారుతోంది.

"అమ్మా! పోతన్నానే! గుండె ఆగిపోతందే!"

పక్కనే స్టూలు మీద కూర్చుని ప్రాంప్టింగ్ చేస్తున్న దమయంతమ్మ చేతిలోని నాటకం పుస్తకం లోంచి తల ఎత్తలేదు.

"నోరు మూసుకుని ఊపిరి తీసుకోరా. నీ ఎంట్రీకి ఇంకా టైముంది."

"చచ్చిపోతన్నానంటే వినవేందే?"

"మొన్నా అదే అన్నావు. చచ్చావా?"

కోదండం ఆలోచించాడు. చావలేదు. నిన్నా చావలేదు.

"లేదు," అన్నాడు నీరసంగా.

"మరింకేం? కొమ్ము వంకరైంది, సరి చేసుకో."

అతని చెవి వెనక శనగగింజంత బిళ్ల ఒకటి వెచ్చగా మెరుస్తోంది. పైన మేఘకన్య జడ చాటున, ఆమె చెవి వెనకా అలాంటిదే ఇంకొకటి. కోదండం గుండెను దబదబ బాదుతున్న ఆ భయం అతనిది కాదు. మేఘం మీద నవ్వుతున్న అతని వదినది.

మేకప్ వేసుకునేటప్పుడు రోజూ అడిగే ప్రశ్నే ఆ సాయంత్రం కూడా ఎవరో అడిగారు.

"ఈ పూట భయం ఎవరిది?"

"నాది," అన్నాడు కోదండం, టీ ఎవరికి అంటే చెయ్యెత్తినంత తేలిగ్గా.

*

కనకవల్లి, శ్రీ గిరిజాకల్యాణ నాట్యమండలికి హీరోయిన్. మండలి అంటే ఒక కుటుంబమే. అత్త దమయంతమ్మ ఒకప్పటి మేఘకన్య, ఇప్పుడు ప్రాంప్టర్. మొగుడు భుజంగరావు హార్మోనియం. మరిది కోదండం రాక్షసుడు, దొంగ, దుష్టమంత్రి, అవసరమైతే సింహం. తాళ్లు లాగేవాళ్లు, లైట్లు వేసేవాళ్లు కూడా వరసకు బాబాయిలో, బావమరుదులో.

కిందటేడు పిఠాపురం క్యాంపులో మొదలైంది.

అదే పలక, అదే పొగ. పద్దెనిమిదేళ్లుగా ఎక్కి దిగుతున్నదే. కారణమేమీ లేకుండానే వల్లి గుండె ఒక్కసారిగా లేడిలా పరిగెత్తింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. గొంతుకు ఏదో అడ్డం పడింది. జనం ముఖాలు దూరంగా జరిగిపోయాయి. ఇదే నా ఆఖరి నిమిషం అనుకుందామె. పలక నేలకు తగలకముందే దూకేసి, వింగ్‌లోకి పరిగెత్తి, భుజంగరావు చొక్కా చింపేంత గట్టిగా పట్టుకుంది.

ఆస్పత్రిలో గుండె పరీక్షలన్నీ చేసి, "గుండెకేం లేదమ్మా, రాయిలా ఉంది," అన్నారు.

"ఏం లేకపోతే ఇదంతా ఏంది?" అంది వల్లి.

జవాబు చెప్పింది కాకినాడలో ఒక పెద్ద మానసిక వైద్యుడు. ఆయన నాటకాలు చూసే మనిషి.

"మీ నాటకంలో మూడో గంట కొట్టాకే కదా తెర లేచేది? మీ మెదడులో గంట కొట్టేవాడు ఒకడున్నాడు. ప్రమాదం వస్తే గంట కొట్టి ఒంటినంతా సిద్ధం చేయడం వాడి పని. వాడికి ఈ మధ్య తొందర ఎక్కువైంది. నాటకమే లేని రోజున కూడా మూడో గంట కొట్టేస్తున్నాడు. మీకు పిచ్చీ లేదు, గుండెజబ్బూ లేదు. ఇది ఆందోళన జబ్బు. చాలామందికి వస్తుంది, నయమవుతుంది."

మాత్రలు రాశాడు. వాటితో నిద్ర పట్టింది, తిండి సహించింది. కానీ వైద్యంలో రెండో సగం సాధన. పలకను నేలకు అడుగెత్తులో కట్టించి దాని మీద కూర్చోవాలి. భయం వస్తుంది. లేచిపోకూడదు. అది దానంతటది తగ్గేదాకా ఉండాలి. తర్వాత రెండడుగులు, ఆ తర్వాత ఇంకొంచెం.

వల్లి ఆ అడుగు ఎత్తు మీద కూడా కూర్చోలేకపోయింది. గుండె దడ మొదలవగానే దూకేసేది. దూకగానే ప్రాణం లేచొచ్చేది. మర్నాడు దూకడం ఇంకా సులువయ్యేది.

"విశాఖపట్నంలో డాక్టర్ నసీమా అని ఉన్నారు," అన్నాడు ఆ వైద్యుడు. "మీలాంటివాళ్ల కోసం ఒక పరికరం పరీక్షిస్తున్నారు. ఒకసారి వెళ్లి చూడండి."

*

లేబొరేటరీ అంటే అద్దాలూ ద్రావకాలూ ఉంటాయనుకుంది వల్లి. నసీమా గదిలో ఒక చెక్కబల్ల, రెండు కుర్చీలు, ఫ్లాస్కు నిండా టీ ఉన్నాయి. నసీమా గుంటూరు మనిషి. సన్నగా ఉంటుంది, వేగంగా మాట్లాడుతుంది.

"ఈ బల్ల ఎక్కుతారా?"

"ఎక్కను."

"సరే. ముందు ఇది పెట్టుకోండి." ఒక బిళ్ల వల్లి చెవి వెనక అంటించి, రెండోది తను అంటించుకుంది. టీ కప్పు చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడు ఎక్కడం గురించి ఊరికే ఆలోచించండి చాలు."

వల్లి ఆలోచించింది. గుండె కదిలింది. అంతలో టీ కప్పు సాసర్ మీద టకటక కొట్టుకోవడం వినిపించింది. తల ఎత్తి చూస్తే నసీమా పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అబ్బా," అంది నసీమా. "ఇంత ఉంటుందా మీకు? పాపం!"

అప్పటిదాకా వల్లిని అందరూ ఓదార్చారు. ఆమె భయం ఎంతో ఒంటికి తగిలి తెలుసుకున్న మనిషి మాత్రం ఎవరూ లేరు. వల్లి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"దీని పేరు వారధి," అంది నసీమా, చెవి వెనక బిళ్లను చూపిస్తూ. "మీ మెదడులో గంట మోగగానే ఆ మోతలో కొంత తుంచి నా మెదడులోకి పంపిస్తుంది. ఎంత పంపాలో ఈ మీట చెబుతుంది. ప్రస్తుతం సగం నాకు, సగం మీకు. రండి, ఇద్దరం ఎక్కుదాం. అది తగ్గేదాకా కూర్చుందాం."

ఇద్దరూ బల్లెక్కి కూర్చున్నారు, గోడెక్కిన పిల్లల్లా. చెమటలు పట్టాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. కాసేపటికి నసీమా మిగిలిన టీ తాగింది. వల్లి బల్ల మీద నుంచి దూకలేదు. మొదటిసారి దూకలేదు.

వెళ్లేటప్పుడు పరికరం చేతికిస్తూ నసీమా గట్టిగా చెప్పింది.

"సాధన చేసేటప్పుడే వాడాలి. ఎప్పుడూ సగానికి మించకూడదు. వారం వారం పక్కవాళ్ల వాటా తగ్గిస్తూ పోవాలి, చివరికి అంతా మీదే అయ్యేదాకా. అర్థమైందా?"

"అయింది," అన్నారు వల్లీ, ఆమె వెంట వచ్చిన భర్తా, అత్తా.

రైలు అనకాపల్లి దాటలేదు, దమయంతమ్మ ఆ మీటను చేతిలో తిప్పి చూసింది.

"సగమేంది? నా కోడలికి సగం మాత్రం ఎందుకు?"

మండలిలో ఒక ఆచారం ఉంది. ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరు వేషం ఎత్తుకుంటారు. అడగరు, వాదించరు. వల్లికి ఆటలమ్మ పోసినప్పుడు భుజంగరావు మీసం తీసేసి చీర కట్టుకుని మేఘకన్యగా దిగాడు. మూడో వరసలో ఒకాయన మేఘకన్య గొంతు బొంగురుగా ఉందన్నాడు తప్ప నాటకం ఆగలేదు. ఒంట్లో ఎలా ఉందన్నది ఆ ఇంట్లో రెండో ప్రశ్న. వేషం ఎవరెత్తుకుంటున్నారన్నది మొదటిది. ఎత్తుకున్నవాడు సగం వేషం ఎత్తుకోవడం అనేది ఆ ఇంటా వంటా లేదు.

దమయంతమ్మ మీటను చివరికంటా తిప్పింది.

"ఈ పూట నాది," అంది.

*

వల్లి తిరిగి స్టేజీ ఎక్కింది. పొన్నూరు, బాపట్ల, రేపల్లె. మేఘం దిగిన ప్రతిచోటా చప్పట్లే.

విశాఖలో నసీమా కంప్యూటర్‌కు రోజూ ఆ వివరాలు చేరేవి. వల్లి భయాన్ని చూపించే గీత నున్నగా, సున్నా దగ్గర పడుకుని ఉంది. అంత అందమైన గీత ఆమె ఇంతవరకు చూడలేదు. మీట పూర్తిగా తిరిగి ఉందన్న సంగతీ ఆ తెర మీదే మూలన చిన్న అక్షరాల్లో కనిపిస్తోంది. ఫోన్ చేద్దామనుకుంది. ఇంకో వారం చూద్దామనుకుంది. అంతలో హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది. దేశం నలుమూలల నుంచి వచ్చే డాక్టర్ల ముందు వారధి గురించి చెప్పాలి. ఆ వారం గడిచిపోయింది. మరికొన్ని వారాలు గడిచాయి.

ఇక్కడ మండలి బసలో వేరే కథ నడుస్తోంది.

"బావా, ఎక్కడికి?" అంది వల్లి. భుజంగరావు ఆమెకు మేనబావ. పెళ్లయినా ఆ పిలుపు మారలేదు.

"హార్మోనియం బెల్లోస్ తిత్తి చిరిగింది. కుట్టించుకొస్తా."

"నువ్వెళ్తే ఎట్టా? కోదండం బజారుకెళ్లాడు."

"అమ్మ ఉందిగా?"

"పడుకుంది. నిద్రపోయేవాళ్లకు వారధి పనిచెయ్యదు."

"నువ్వు ఇంట్లోనే కదా ఉండేది? మేఘం ఎక్కట్లేదు కదా?"

వల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. భుజంగరావు చెప్పులు విడిచేశాడు.

వారధి ఒక నాటకశాల పొడవు వరకే పనిచేస్తుంది. వల్లి ప్రపంచం అంతకు కుదించుకుపోయింది. మొదట బజారు మానేసింది. తర్వాత బస్సు. తర్వాత స్నానానికి వెళ్లినా తలుపు బయట ఎవరో ఒకరు బిళ్ల పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"వదినా, తొందరగా కానియ్!" తలుపు బయట పేపరు చదువుతూ అరిచేవాడు కోదండం. "నువ్వు గడియ పెట్టినప్పుడు ఒకసారి చచ్చా. సబ్బు కళ్లల్లో పడ్డప్పుడు ఇంకోసారి చచ్చా. ఇంక చావడానికి టైం లేదు, టిఫిన్ చల్లారిపోద్ది."

లోపలి నుంచి వల్లి నవ్వేది. నవ్వు సగంలో ఆగిపోయేది. ఇది నవ్వాల్సిన సంగతి కాదని ఆమెకూ తెలుసు.

కోదండంలో మాత్రం విచిత్రమైన మార్పు వచ్చింది. కొత్తల్లో ఆయాసంతో నేల మీద దొర్లేవాడు. తర్వాత గోడకు ఆనుకుని నిలబడటం నేర్చుకున్నాడు. ఇప్పుడు పెసరట్టు తింటూ మధ్యలో ఒక చెయ్యి ఛాతీ మీద వేసుకుని, కళ్లు మూసుకుని, కాసేపాగి, మళ్లీ అల్లప్పచ్చడి వైపు చెయ్యి చాపుతున్నాడు. డ్రైవర్ లేని ఆటో అంటే హడలిపోయి ఒకప్పుడు కిలోమీటరు దూరమైనా నడిచిపోయేవాడు. ఇప్పుడు అందులో కాళ్లు చాపుకుని పాట పాడుకుంటూ వస్తున్నాడు.

*

హైదరాబాద్ సభకు బొమ్మలు సిద్ధం చేస్తుంటే నసీమాకు ఒక ఖాళీ కనిపించింది. మోసినవాళ్ల గీతలు కూడా ఒకటి పెడితే బాగుంటుంది. ఇన్నాళ్లూ వాటిని ఆమె తెరవనే లేదు.

తెరిచింది.

కోదండం గీత మొదట్లో పర్వతంలా ఉంది. తర్వాత గుట్ట. తర్వాత దిబ్బ. ఈ మధ్య చూస్తే గోధుమపిండి ముద్దంత ఉంది. భుజంగరావుదీ అంతే. దమయంతమ్మది మరీను, రెండో వారానికే చదునైపోయింది.

ఏ జబ్బూ లేని ముగ్గురికి వైద్యం బ్రహ్మాండంగా జరిగింది.

నసీమా ఇంకో గీత తెరిచింది. వల్లి దగ్గర్నుంచి బయటికి వెళ్తున్న భయం. వెళ్లేముందు అది ఎంత ఉందో చూపించే గీత. అది వారం వారం పెరుగుతోంది. మొదట పలక మీదే వచ్చేది. ఇప్పుడు స్నానాల గదిలో, మెట్ల మీద, తలుపు చప్పుడుకు కూడా వస్తోంది.

టీ చల్లారిపోయింది. గంట మోగిన ప్రతిసారీ ఎవరో వచ్చి ఆ మోతను ఎత్తుకుపోయారు. వల్లి మాత్రం ఒక్కసారి కూడా దాని చివర చూడలేదు. చివర చూడనివాళ్లకు అది ఎప్పటికీ అయిపోదు.

ఆ సాయంత్రమే నసీమా తెనాలి రైలెక్కింది.

*

తెనాలిలో పాత నాటకశాలను బాగుచేసి కొత్తగా తెరుస్తున్నారు. తెర ఎత్తేది గిరిజాకల్యాణ మండలి. నాటకం మేఘకన్య. స్టేజీ మీద రిహార్సల్ జరుగుతుండగా నసీమా వచ్చింది. కుశల ప్రశ్నలు లేవు.

"వల్లిగారూ, మీ భయం తగ్గలేదు. పెరిగింది."

"అదేం మాట డాక్టరమ్మా!" దమయంతమ్మ స్టూలు మీద నుంచి లేచింది. "రోజూ మేఘం ఎక్కుతోంది నా కోడలు!"

"ఆమె ఎక్కుతోంది. భయం మీరు పడుతున్నారు. మీట తగ్గించాలి. ఈ రోజు నుంచే."

వల్లి చెవి వెనక బిళ్లను అరచేత్తో కప్పుకుంది.

"పై నెలలో నాటకం. ఇప్పుడొచ్చి నా కాళ్లకింద పలక లాగేస్తారా? ఇది తీసేస్తే నేను దిగలేను. తెనాలిలో దిగలేకపోతే ఇంకెక్కడా దిగను. టికెట్ల బల్ల దగ్గర కూచుంటా, అంతే నా బతుకు."

ఎవరి చేతులు పట్టుకుని ఆమె స్టేజీ మీద నడక నేర్చుకుందో వాళ్లే చుట్టూ నిలబడి ఉన్నారు.

నసీమా కోదండం వైపు తిరిగింది. "కోదండంగారూ, మొదటిరోజు మీకెలా ఉంది?"

"చచ్చిపోతన్నాననుకున్నా."

"ఇప్పుడో?"

"ఇప్పుడేముందండీ! వస్తది. ఛాతీ మీదెక్కి కూచుంటది. ఇంటి ఓనరు లాగా కాసేపు దబాయిస్తది. మనం పట్టించుకోకపోతే దానికే విసుగొచ్చి పోద్ది."

"పోద్దా?"

ఆ ప్రశ్న అడిగింది వల్లి. అందరూ ఆమె వైపు చూశారు.

"దానంతటదే పోద్దా?"

"పోక? ఎవరింటికి పోయి పడుకుంటదో మరి," అన్నాడు కోదండం. అప్పుడు అతనికి వెలిగింది. "వదినా... నీకు తెలీదా?"

వల్లి తల అడ్డంగా ఊపింది. పిఠాపురంలో దూకేసింది. అడుగెత్తు పలక మీద నుంచి దూకేసింది. విశాఖలో ఒక్కసారి, డాక్టరు చెయ్యి పట్టుకుని చూసింది. ఆ తర్వాత చూడనివ్వలేదు ఎవరూ. భయాన్ని ఆపకపోతే అది పెరిగి పెరిగి ప్రాణం తీస్తుందనే ఆమె ఇప్పటికీ నమ్ముతోంది.

నసీమా బల్ల మీద కూలబడింది. "మీట పూర్తిగా తిప్పారని నాకు తెలుసు. తెర మీద కనపడుతూనే ఉంది. గీత బాగుందని ఊరుకున్నా. హైదరాబాద్‌లో చెప్పబోయేది అబద్ధం. వెళ్లనని కబురు పంపేశా."

దమయంతమ్మ చేతిలోని నాటకం పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ప్రాంప్టరు మొదటి మాట అందించాలి," అంది. ఎవరితో అంటోందో తెలియలేదు. "డైలాగంతా తనే చెప్పేస్తే నటుడికి నోరు పడిపోద్ది. ఇంతమందికి నేర్పా ఆ ముక్క. ఇంట్లో కోడలికి మాత్రం డైలాగంతా నేనే చెప్పేశా."

వచ్చి వల్లి పక్కన కూర్చుంది.

"ఆటలమ్మ పోసి లేచినప్పుడు నీ వేషం నీకు ఎట్టా ఇచ్చాం?"

"మొదట చెలికత్తెతో సీను. తర్వాత తోట సీను. ఆఖర్న మేఘం," అంది వల్లి.

"ఇదీ అంతే. కాస్త కాస్త ఇచ్చేస్తాం. నీది నువ్వు తీసుకో."

నసీమా మీటను సగానికి తిప్పింది.

*

పలకను అడుగెత్తున కట్టారు. పక్కనే ఇంకో పలక మీద కోదండం చేగోడీల పొట్లంతో కూర్చున్నాడు.

మొదటి రోజు వల్లి దూకేసింది. కోదండం నోట్లో చేగోడీ ఉంచుకునే, "నాకింకా పోలేదు, నువ్వు మాత్రం పారిపోయావ్," అన్నాడు. ఆమె కోపంగా వచ్చి మళ్లీ కూర్చుంది. మళ్లీ దూకింది.

మర్నాడు దూకలేదు. పలక అంచు పట్టుకుంది. గుండె పరిగెత్తింది, గొంతు బిగుసుకుంది, చూపు మసకేసింది.

"కూచుందా ఛాతీ మీద?" అన్నాడు కోదండం.

"ఊఁ."

"దబాయిస్తందా?"

"ఊఁ!"

"దబాయించనీ. చేగోడీ తింటావా?"

తినలేదు. కానీ కూర్చుంది. ఇంకా కూర్చుంది. ఉన్నట్టుండి భుజాలు వదులయ్యాయి. వింటున్నట్టుగా తల పక్కకు వాల్చింది.

"బావా," అని పిలిచింది, హార్మోనియం దగ్గరున్న భుజంగరావును. గొంతులో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. "పోయింది బావా. నిజంగానే పోయింది."

తర్వాతి రోజుల్లో మీట కిందికీ, పలక పైకీ జరిగాయి. దారంతా నున్నగా ఏమీ లేదు. మాత్రలు మానవద్దని నసీమా రోజూ గుర్తుచేసింది. స్నానాల గదిలో ఒకరోజు వల్లి చడీచప్పుడు లేకుండా మీటను చివరికంటా తిప్పేసింది. అవతల వరండాలో గడ్డం గీసుకుంటున్న కోదండం ఒక్క క్షణం ఆగి, గడ్డం పూర్తిచేసి, తలుపు దగ్గరకొచ్చి మెల్లగా తట్టాడు.

"వదినా, నీదేదో పొరపాటున నా దగ్గరికొచ్చింది. తీసేసుకుంటావా?"

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. కాసేపటికి కోదండం ఛాతీ తేలికైంది. ఇంకాసేపటికి లోపలి నుంచి పద్యం మొదలైంది, మొదట వణుకుతూ, తర్వాత నిలకడగా.

*

తెనాలి నాటకశాల నిండిపోయింది. గోడల పక్కన కూడా జనం నిలబడ్డారు. మేకప్ గదిలో దమయంతమ్మ కోడలి పూలజడ సరిచేస్తోంది. కోదండం కొమ్ములు బిగించుకుంటూ అలవాటు కొద్దీ అడిగేశాడు.

"ఈ పూట భయం ఎవరిది?"

అడిగాక నాలుక్కరుచుకున్నాడు.

వల్లి చెవి వెనక నుంచి బిళ్ల తీసి మేకప్ పెట్టెలో వేసి మూత పెట్టింది.

"నాది," అంది.

రెండో గంట కొట్టారు. మూడో గంట కొట్టారు. తెర లేచింది.

నసీమా వింగ్‌లో ఒక మూల నిలబడింది. ఆమె ముందు కంప్యూటర్ తెర లేదు, గీతలు లేవు. పైన ఉన్న మనిషి లోపల ఏం జరుగుతోందో ఈ రోజు ఆమెకూ తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు పట్టుకుంది.

మేఘం కదిలింది. తాళ్లు ఈసారి కోదండమే లాగుతున్నాడు. ఇన్నాళ్లూ ఈ సీనులో అతను గోడకు ఆనుకుని చచ్చిపోతుండేవాడు, కుదిరేది కాదు. తెల్లటి పొగ, హార్మోనియం మీద మోహన రాగం, పైనుంచి నెమ్మదిగా దిగుతున్న వల్లి.

సగం దూరంలో అది వచ్చింది.

వల్లి నవ్వు చెదిరిపోవడం దమయంతమ్మ చూసింది. పాదం రెండుసార్లు పలకను తట్టింది. గజ్జెలు ఘల్లుమన్నాయి.

ఆపమన్నట్టుగా ఉంది. ఈ గుర్తు నాటకంలో లేదు, వాళ్లు అనుకున్నదీ కాదు. కోదండం మాత్రం తాళ్లు బిగించి ఆపేశాడు. కిందికి దించెయ్యమంటోందా? దించితే ఒక్క నిమిషం. వదిన నేల మీద ఉంటుంది. అతను పైకి చూశాడు. వల్లి కిందికి చూడటం లేదు. వంగి పలక పట్టుకోవడం లేదు. నిటారుగా నిలబడి ఉంది. ఆమె అడిగింది దించమని కాదు, ఉండనిమ్మని.

మేఘం ఆకాశంలో ఆగిపోయింది.

జనం ఇదేదో కొత్త ట్రిక్కు అనుకుని ఊపిరి బిగబట్టారు. భుజంగరావు పాట పల్లవికి వచ్చేశాడు. వల్లి అందుకోలేదు. అతను మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా నిదానంగా, రాగాన్ని సాగదీస్తూ. ఎంతసేపు సాగదీయాలో తెలియదు. భార్య ముఖం నుంచి కళ్లు తిప్పకుండా బెల్లోస్ ఊపుతూనే ఉన్నాడు.

దమయంతమ్మ పెదాల మీద మొదటి మాట సిద్ధంగా ఉంది. నోరు తెరిచింది. మూసింది. పుస్తకాన్ని గుండెలకు హత్తుకుంది.

పైన వల్లి చచ్చిపోవడం లేదు. ఛాతీ మీద ఇంటి ఓనరు కూర్చున్నాడు. కాళ్లూపుతున్నాడు. దబాయిస్తున్నాడు. పడిపోతావంటున్నాడు, గొంతు రాదంటున్నాడు, అందరూ చూస్తున్నారంటున్నాడు. అవును, చూస్తున్నారు, అనుకుంది వల్లి. చూడటానికే వచ్చారు. కూర్చో నువ్వు కూడా.

రాగం ఇంకో చుట్టు తిరిగింది.

పొగ పలచబడింది. ఆ పొగలోంచి మొదట ముందు వరసలో ఒక ముసలాయన కళ్లజోడు కనిపించింది. తర్వాత ఆయన పక్కన నోరు తెరుచుకున్న మనవరాలు. తర్వాత హాలంతా ఒక్కొక్క ముఖంగా దగ్గరికొచ్చింది. వల్లి భుజాలు దిగాయి. పాదం ఒక్కసారి పలకను తట్టింది. కోదండం తాళ్లు మెల్లగా వదలసాగాడు.

"ఎవరిదీ నేల?" అని పాడింది మేఘకన్య.

ఎవరూ అందించని మాట. హాలు చివర గోడ దాకా వెళ్లి తగిలింది. చప్పట్లు మొదలై, ఆమె నేల మీద అడుగుపెట్టేదాకా ఆగలేదు. వింగ్‌లో నసీమా కొంగుతో ముఖం తుడుచుకుంది. భుజంగరావు మాత్రం తల వంచుకుని హార్మోనియం మెట్లనే చూస్తున్నాడు. అతని కళ్లు ఎవరికీ కనపడలేదు.

ఇక రాక్షసుడు రావాలి.

కోదండం తాళ్లు కట్టేసి, గద భుజాన వేసుకుని స్టేజీ మీదికి దూకాడు. భయంకరంగా నిలబడ్డాడు. కళ్లు ఉరిమాడు.

నోరు తెరిచాడు.

ఎన్నో నెలలుగా ఈ ఎంట్రీకి ముందు ఒకసారి చచ్చి బతకడం అతనికి అలవాటైపోయింది. ఈ రోజు గుండె దడ లేదు, చెమట లేదు. ఛాతీలో ఇల్లు ఖాళీ చేసినంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో డైలాగు ఎక్కడో పోయింది.

ఎదురుగా మేఘకన్య పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటోంది.

వింగ్‌లో దమయంతమ్మ హాయిగా నిట్టూర్చి, పుస్తకం తెరవకుండానే కొంచెం ముందుకు వంగింది.

"ఓసీ..." అంది.

అంతే అంది.